84 హెచ్‌పీలో తంబూర శృతి, డప్పు దెబ్బ రెండూ రావాలంటే ఏ మాడ్యూళ్లు కట్టాలి?

టంకం_నల్లగొండ:

అందరికీ నమస్తే. యూరోర్యాక్ (మాడ్యూళ్ల సైజుకు ఉన్న ఒక ప్రమాణం) కొలతల్లో చిన్న మాడ్యులర్ సింథ్, అంటే వేరు వేరు మాడ్యూళ్లను తీగలతో కలిపి నాదం పుట్టించే పెట్టె, కట్టాలని లెక్క వేసుకుంటున్న. కేస్ ఒకటే వరుస, 84 హెచ్‌పీ, అంటే దాదాపు 427 మిల్లీమీటర్ల వెడల్పు. రెడీమేడ్ మాడ్యూళ్లు కొనేది లేదు, అన్నీ జీరో పీసీబీ (రంధ్రాల బోర్డు) మీద సొంతంగా కట్టుడే. టంకం, మల్టీమీటర్ అలవాటే. ఆసిలోస్కోప్ లేదు.

దీంతోటి కావలసిన పనులు రెండు. ఒకటి, పాడేవాళ్ల వెనుక ఒకటిన్నర శృతిలో తంబూర లాగ నిలబడే నాదం. రెండోది డప్పుకు దగ్గరగా ఉండే దెబ్బ, చిర్ర (లావు పుల్ల) దెబ్బ వేరు, సిటికెన పుల్ల దెబ్బ వేరు అని చెవికి తెలవాలి.

కాగితం మీద వేసుకున్న జాబితా ఇది: 8 హెచ్‌పీ వీసీఓలు (నాదం పుట్టించేవి) మూడు, ఫిల్టర్ 10, ఏడీఎస్ఆర్ (నాదం లేచి అణిగే తీరు ఇచ్చేది) 8, వీసీఏ (సద్దు పెంచి తగ్గించేది) 6, ఎల్ఎఫ్ఓ (మిగతావాటిని మెల్లగా ఊపేది) 8, ఎనిమిది మెట్ల సీక్వెన్సర్ (స్వరాలు వరుసగా మార్చేది) 20, డిలే (ఎకో) 8. సరిగ్గా 84 అయింది. పవర్‌కు 12-0-12 ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912 అనుకుంటున్న.

ఇందులో ఏది తీసెయ్యాలి, ఏది లేక ఆగిపోత? వీసీఓకు 3340 ఐసీ (వీసీఓ కోసమే చేసింది) తెప్పించుకోవాల్నా, 40106 (మామూలు లాజిక్ ఐసీ) తోటి నడుస్తదా?


పాలమూరు_ప్యాచ్:

తమ్మీ, జాబితాలో నాదం పుట్టించేవి మూడున్నయి, అది బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే ఉంది. మిక్సర్ లేదు, నాయిస్ లేదు, ఆంప్లిఫయర్‌కు ఇచ్చే ఔట్‌పుట్ లేదు. మాడ్యూళ్లు ఎంచేటప్పుడు వీసీఓ దగ్గర మొదలుపెట్టొద్దు. ఒకే సమయంలో ఎన్ని నాదాలు మోగాలి, ఒక్కొక్కటి ఎట్ల అణగాలి అన్నది ముందు తేల్చుకోవాలె. వీసీఓల లెక్క దాన్నిబట్టే వస్తది.

తంబూరకు నాలుగు తీగలు: మంద్ర పంచమం, మధ్య షడ్జం రెండుసార్లు, మంద్ర షడ్జం. ఒక తీగ మోగుతుండగనే ఇంకో తీగ మీటుతరు, నాలుగింటి మోతలు ఒకదాని మీద ఒకటి పడతయి. ఒక వీసీఓకు సీక్వెన్సర్ పెట్టి స్వరం మారుస్తే షడ్జం రాంగనే పంచమం తెగిపోతది. అది పాట అయితది గానీ శృతి కాదు. కాబట్టి ఆ 20 హెచ్‌పీ సీక్వెన్సర్ ఈ పనికి అక్కరలేదు, తీసెయ్యి.

వీసీఓలు కూడా మూడొద్దు, రెండు చాలు. ఒకటి మధ్య షడ్జానికి, ఒకటి పంచమానికి. మంద్ర షడ్జం అంటే మధ్య షడ్జానికి సరిగ్గా సగం ఫ్రీక్వెన్సీ, దాన్ని సీడీ 4013 ఫ్లిప్‌ఫ్లాప్‌తో రెండుతో భాగిస్తే వచ్చేస్తది. ఎన్నడూ అపశృతి పోదు, ట్యూన్ చేసే పనే లేదు. 2వ పిన్ను 5వ పిన్నుకు కలుపు, 3లో వీసీఓ పల్స్ ఇయ్యి, 1లో సగం ఫ్రీక్వెన్సీ తీసుకో. 4, 6 గ్రౌండ్‌కు. ఐసీలో వాడని రెండో సగం ఇన్‌పుట్లు 8, 9, 10, 11 కూడా గ్రౌండ్‌కే. వాటిని గాలికి వదిలేస్తే ఐసీ ఊరికే కరెంటు తాగుతది, పక్క సగం కూడా తిక్కతిక్కగా నడుస్తది.

మధ్య షడ్జం తీగలు రెండూ ఒకే వీసీఓ నుంచి తీసుకోవచ్చు: ఒకదానికి సాటూత్, రెండోదానికి పల్స్. పల్స్ వెడల్పును చాలా మెల్లటి ఎల్ఎఫ్ఓతో కదిలిస్తే రెండు తీగల నడుమ ఉండే ఆ చిన్న ఊగు వస్తది.

ఇగ మీటు. ఏడీఎస్ఆర్, వీసీఏ బదులు నాలుగు లో పాస్ గేట్లు కట్టు, అవి వాక్ట్రోల్‌తో నడుస్తయి. వాక్ట్రోల్ అంటే ఎల్ఈడీ, ఎల్‌డీఆర్ ఎదురెదురుగా పెట్టి నల్లటి హీట్ ష్రింక్ గొట్టంలో మూసేసుడే. వెలుతురు పడంగనే ఎల్‌డీఆర్ తెరుచుకుంటది, ఆరినాక మాత్రం మెల్లగా మూసుకుంటది. ఆ మెల్లదనమే తీగ మోత. పైగా సద్దు తగ్గుతున్నకొద్దీ పై హార్మోనిక్స్ కూడా ముందే అణుగుతయి, మామూలు వీసీఏలో ఇది రాదు. 5 మిల్లీమీటర్ల ఆకుపచ్చ ఎల్ఈడీ, జీఎల్ 5528 ఎల్‌డీఆర్ తీసుకో. ఈ ఎల్‌డీఆర్‌కు 540 నానోమీటర్ల దగ్గర చూపు ఎక్కువ, నీలం ఎల్ఈడీ పెడితే సగం వెలుతురు వృథా. ఎల్‌డీఆర్‌లు ఒకటికొకటి కలవవు, పది కొని అందులోంచి ఒకే తీరుగ మూసుకునే నాలుగు ఏరుకో. గొట్టం రెండు పొరలు ఎక్కించి చివర్లు గట్టిగ నొక్కు. చీకట్లో మల్టీమీటర్ 1 మెగా ఓమ్ దాటి చూపకపోతే ఎక్కడో వెలుతురు దూరుతున్నట్టు, ఆ తీగ ఎప్పుడూ సన్నగ కూస్తనే ఉంటది.

వరుసగా మీటడానికి సీడీ 4017 చాలు. 14లో క్లాక్, 13 గ్రౌండ్‌కు. ఔట్‌పుట్లు వరుసగా 3, 2, 4, 7 పిన్నులు. 10ని 15కు కలిపితే నాలుగు మెట్లే తిరుగుతయి, విరామం ఉండదు. దాని బదులు 5వ పిన్నును 15కు కలుపు, నాలుగు మీట్ల తరవాత రెండు మెట్లు ఖాళీగ పోతయి, మంద్ర షడ్జం నిండుగ మోగడానికి జాగ దొరుకుతది. 4017 ఔట్‌పుట్‌ను నేరుగా ఎల్ఈడీకి ఇస్తే మెట్టు ఉన్నంతసేపు వెలుగుతనే ఉంటది, మీటు రాదు. నడుమ 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తరవాత గ్రౌండ్‌కు 100కె, 47కె ద్వారా బీసీ 547 బేస్, కలెక్టర్‌లో 1కె, ఎల్ఈడీ. ఇట్ల అయితే 40, 50 మిల్లీసెకన్లు వెలిగి ఆరుతది. కెపాసిటర్ అవతలి కొనకు, గ్రౌండ్‌కు నడుమ 1ఎన్ 4148 పెట్టు, క్యాథోడ్ కెపాసిటర్ వైపు. లేకుంటే మెట్టు ముగిసినప్పుడల్లా బేస్ మీద నెగెటివ్ దెబ్బ పడి ట్రాన్సిస్టర్ మెల్లగా పాడైతది.

40106 ఈ పనికి పనికిరాదు. దాని ఫ్రీక్వెన్సీ సప్లయ్ వోల్టేజీతోటి, వేడితోటి జారుతది, ఆక్టేవ్‌కు ఒక వోల్ట్ లెక్క (ఒక వోల్ట్ పెరిగితే ఫ్రీక్వెన్సీ రెట్టింపు) కూడా పాటించదు. 4017కు క్లాక్ లాగ మాత్రం బంగారం. శృతికి ఏఎస్ 3340 తప్పదు. రెండు కావాల్నంటే మూడు తెప్పించు, ఒకటి చేతిల ఉండనీ.

3340లో అందరూ కాల్చుకునేది 3వ పిన్ను. లోపల దాదాపు 7 వోల్టుల జీనర్ ఉంటది, −12ను నేరుగా ఇస్తే ఐసీ పోతది. 560 లేక 620 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారానే ఇయ్యాలె. టైమింగ్ కెపాసిటర్ 1 నానోఫారడ్ పాలీస్టైరీన్, అది దొరకకుంటే సీ0జీ రకం సిరామిక్. మామూలు డిస్క్ సిరామిక్ పెడితే మధ్యాహ్నం ఒక శృతి, రాత్రి ఒక శృతి.

నా లెక్కలో వెడల్పు ఇట్ల పోతది: వీసీఓలు రెండు 16, డివైడర్ 4, నాలుగు గేట్లు 12, క్లాక్ 4017తో కలిపి 8, ఫిల్టర్ 10, డప్పుకు 8, రెండు వీసీఏలు 6, ఆరు చానళ్ల మిక్సర్ 10, ఔట్‌పుట్ 4. మొత్తం 78. పల్స్‌ను కదిలించే ఎల్ఎఫ్ఓకు వేరే ప్యానెల్ వద్దు, క్లాక్ బోర్డు మీదనే ఒక టీఎల్ 072తో అయిపోతది. మిగిలిన 6లో డిలే కావాల్నంటే పీటీ 2399 పెట్టుకో, కరోకే ఎకోల్లో ఉండే ఐసీనే అది. 5 వోల్టుల మీద నడుస్తది, 7805 వేరే కావాలె.


దేవరకొండ_ధ్వని:

పైన చెప్పిన మాడ్యూళ్ల ఎంపిక బాగుంది. నేను పవర్ ఒక్కదాని గురించే రాస్తాను, ఎందుకంటే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తో వేసవిలో కచ్చితంగా హమ్ వస్తుంది.

లెక్క చూడండి. 12 వోల్టుల ఏసీకి శిఖరం 17. డయోడ్‌లో 0.7 పోతే 16.3. కెపాసిటర్ 2200 మైక్రోఫారడ్, లోడ్ 300 మిల్లీ ఆంపియర్లు అయితే రిపుల్ (వోల్టేజీలో మిగిలే ఎగుడుదిగుడు) సుమారు 1.4 వోల్టులు, అంటే అడుగు 14.9. ఇదంతా గోడలో 230 ఉన్నప్పటి మాట. బావుల కాడ మోటార్లన్నీ ఒక్కసారి నడిచి లైన్ 190కి పడిందనుకోండి, శిఖరం 14కు దిగుతుంది, డయోడ్, రిపుల్ తీసేస్తే అడుగు 11.9. 7812కు తన ఔట్‌పుట్ కన్నా రెండు, రెండున్నర వోల్టులు ఎక్కువ అందితేనే పనిచేస్తుంది. అది అందక, సెకనుకు 100 సార్లు ఔట్‌పుట్ గుంట పడుతుంది. శృతి మీద ఆ 100 హెర్ట్జ్ బుర్రుమనే చప్పుడు అదే. మాడ్యూళ్లను ఎంత వెతికినా తప్పు దొరకదు.

15-0-15 ఒక ఆంపియర్ తీసుకోండి. 190 వోల్టుల దగ్గర కూడా అడుగు 15.4 ఉంటుంది. కెపాసిటర్లు 35 వోల్టులవే పెట్టండి, 25వి వద్దు. ఒక ఆంపియర్ అని రాసి ఉన్నా బ్రిడ్జ్, కెపాసిటర్ తరవాత నిలకడగా తీసుకోగలిగింది 600 మిల్లీ ఆంపియర్లే అనుకోండి. మీ 84 హెచ్‌పీకి అది ధారాళం.

దీనికి మూల్యం వేడి. 230 ఉన్నప్పుడు రెగ్యులేటర్ మీద దాదాపు 8 వోల్టులు మిగులుతాయి, 250 మిల్లీ ఆంపియర్లకు 2 వాట్లు. హీట్ సింక్ లేకుండా ప్రతి వాట్‌కు 65 డిగ్రీలు పెరుగుతుంది, రెండు వాట్లకు 130. గదిలో మే నెల 43 డిగ్రీలు కలిపితే 173, అంతకు ముందే ఐసీ తనంతట తాను ఆగిపోతుంది. వాట్‌కు 15 డిగ్రీల చిన్న అల్యూమినియం సింక్ ఒక్కొక్కదానికి పెడితే హాయిగా నడుస్తుంది.

ఇక్కడే ఇంకో గండం. 7812 పిన్నులు ఎడమ నుంచి ఇన్, గ్రౌండ్, ఔట్. 7912వి గ్రౌండ్, ఇన్, ఔట్. 7812 వీపు గ్రౌండ్, 7912 వీపు మాత్రం నెగెటివ్ ఇన్‌పుట్. రెండింటినీ ఒకే సింక్‌కు బిగిస్తే షార్ట్. కేస్‌కు బిగించినా అంతే. మైకా ముక్క, ప్లాస్టిక్ వాషర్ వేసి, మీటర్‌తో కంటిన్యూటీ లేదని చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి. రెండు ఔట్‌పుట్ల మీదా గ్రౌండ్‌కు తిరగేసిన 1ఎన్ 4002 ఒక్కొక్కటి పెట్టండి, లేకపోతే స్విచ్ వేసినప్పుడు ఒక వైపు ముందు లేచి రెండో వైపును లేవనివ్వదు.

ప్రైమరీలో 250 మిల్లీ ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజ్, మూడు పిన్నుల ప్లగ్, ఎర్త్ తీగ లోహపు కేస్‌కు. 230 వోల్టుల పని ఎన్నడూ చేయనివాళ్లు ఈ పెట్టె తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత కట్టించుకోవాలి. ఇందులో మొహమాటం వద్దు.

రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత −12 వైపు. ప్రతి మాడ్యూల్ ప్రవేశంలో రెండు లైన్లకూ 1ఎన్ 5817 వరుసలో పెట్టండి, కేబుల్ తిరగబడినా ఐసీలు బతుకుతాయి. ఆ తరవాత 10 మైక్రోఫారడ్, ప్రతి ఐసీ కాళ్ల దగ్గర 100 నానోఫారడ్.


టంకం_నల్లగొండ:

అన్నలకు చాలా థాంక్స్. సీక్వెన్సర్ తీసేసిన, 15-0-15 రాసుకున్న. ఇంక రెండు అడుగుత. పంచమం ఎట్ల కలపాలె, ఫోన్‌ల ట్యూనర్ యాప్ చూసి పెడితే సరిపోతదా? డప్పుకు ఆ 8 హెచ్‌పీలో ఏముండాలె?


పాలమూరు_ప్యాచ్:

యాప్ షడ్జానికి పనికొస్తది, పంచమానికి చెవే. ఒకటిన్నర అంటే మధ్య షడ్జం 138.6 హెర్ట్జ్. మంద్ర పంచమం దానికి సరిగ్గా ముప్పావు, 103.94. యాప్ చూపే సమాన విభజన (ఆక్టేవ్‌ను 12 సమాన భాగాలు చేసిన) పంచమం 103.83. తేడా 2 సెంట్లే (సెంట్ అంటే ఆ 12 భాగాల్లో ఒకదానికి నూరో వంతు) గానీ రెండు సెకన్లకోసారి నాదం ఊగుతది. ఆ ఊగు పూర్తిగ నిలిచేదాకా ఫైన్ ట్యూన్ తిప్పు. అప్పుడు యాప్ 2 సెంట్లు ఎక్కువ చూపిస్తది, చూపనీ. సీవీతో (వీసీఓకు ఇచ్చే కంట్రోల్ వోల్టేజీతో) కలపాల్నంటే షడ్జం కన్నా 0.415 వోల్ట్ తక్కువ.

స్కేల్ ట్రిమ్ కూడా చెప్తున్న. పది, పదిహేను చుట్ల సెర్మెట్ ట్రిమ్మర్ వాడు. పవర్ ఇచ్చి అరగంట ఆగు. 1 వోల్ట్ ఇచ్చి 220 హెర్ట్జ్‌కు పెట్టు, 2 వోల్ట్‌లు ఇచ్చి 440 వస్తున్నదా చూడు. రాకపోతే ట్రిమ్మర్ కొంచెం తిప్పి మళ్లీ 220 నుంచి మొదలుపెట్టు. నాలుగైదు సార్లకు కుదురుతది. సీవీ ఇన్‌పుట్ల 100కె రెసిస్టర్లు మీటర్‌తో ఏరి ఒకే విలువవి పెట్టు. ఒక శాతం తేడా ఉంటే ఆక్టేవ్‌కు 12 సెంట్లు పోతది, ట్రిమ్మర్ ఒక ఇన్‌పుట్‌నే సరిచేస్తది.

తంబూర జీవాళికి (తీగ ఝుమ్మనే మోతకు) ఫిల్టర్ వాడు. నాలుగు గేట్ల మిశ్రమాన్ని బ్యాండ్ పాస్‌లోంచి పంపి, రెజొనెన్స్ సగం దాటించి, కటాఫ్‌ను ప్రతి మీటుకు పైనుంచి కిందికి మెల్లగా దింపు. అసలు మిశ్రమంలో దీన్ని పావు వంతే కలుపు, ఎక్కువైతే నోట్లో నీళ్లు పోసుకుని పలికినట్టు ఉంటది.


మిర్యాలగూడ_మిక్సర్:

డప్పు సంగతి నేను చెప్తా. దీనికి వీసీఓ వద్దు. ఫిల్టర్‌ను రెజొనెన్స్ బాగా పెంచి, తనంతట తాను కూసే అంచుకు ఒక వెంట్రుక ఇవతల ఆపి, 2 మిల్లీసెకన్ల పల్స్‌తో కొట్టాలె. గంట లాగ మోగి అణుగుతది. చర్మం మోతకు ఇదే దగ్గరి దారి.

కానీ ఒక్క ఫిల్టర్ మోగితే డప్పు కాదు, కుండ. గుండ్రటి చర్మం కంపనాలు 1, 2, 3 అని పూర్ణసంఖ్యల్లో ఉండవు, 1, 1.59, 2.14, 2.30 ఇట్ల పోతయి. కాబట్టి రెండు ఫిల్టర్లు కావాలె. ఒకటి 180 హెర్ట్జ్, రెండోది 287. రెండో దాని మోత మొదటిదాంట్లో సగం సేపే ఉండాలె, సద్దు కూడా సగం. ఎల్ఎం 13700 ఒక్కటి కొంటే రెండు ఓటీఏలు (కరెంటుతో గెయిన్ మారే ఆంప్లిఫయర్లు) ఉంటయి, ఒక స్టేట్ వేరియబుల్ ఫిల్టర్‌కు ఒక ఐసీ. రెండు ఐసీలు, ఒక టీఎల్ 074, 8 హెచ్‌పీలో పడతయి. రెండు ఫిల్టర్ల సీవీ ఒకే నాబ్‌కు కట్టు. డప్పును మంట మీద కాగబెడితే స్వరం లేస్తది, చల్లారితే దిగుతది, ఆ తేడా ఒక్క నాబ్‌తోటి దొరుకుతది.

చిర్ర దెబ్బకు ఈ రెండు ఫిల్టర్లు నిండుగ, మీద కొంచెం నాయిస్. సిటికెన పుల్లకు తారుమారు: నాయిస్‌ను 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర వడగట్టి, 20 మిల్లీసెకన్లలో అణిచేసి, ఫిల్టర్ల మోత సన్నగ. అందుకే వీసీఏలు రెండున్నయి, రెండు దెబ్బల నాయిస్‌కు చెరొకటి. ఇక్కడ వాక్ట్రోల్ పెట్టొద్దు, 20 మిల్లీసెకన్లలో మూసుకోవడం దానితోటి కాదు.

నాయిస్‌కు బీసీ 547 బేస్, ఎమిటర్ జంక్షన్‌ను ఉల్టా పెట్టి +12 నుంచి 100కె ద్వారా ఇయ్యాలె, కలెక్టర్ గాలిలో వదిలెయ్. అన్ని ట్రాన్సిస్టర్లూ ఒకే తీరు గోల చెయ్యవు, సాకెట్ పెట్టి పది మార్చి చూసి మంచిగ ఉసులుకొట్టేది ఏరుకో. తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద చూసి లేదనుకోకు, కొన్నింటికి ఆ వోల్టేజీ చాలదు. సర్క్యూట్ల 2ఎన్ 3904 రాసి ఉంటే కాళ్లు తిరగెయ్యాలె: చదును వైపు చూస్తే దానిది ఎమిటర్, బేస్, కలెక్టర్, 547ది కలెక్టర్, బేస్, ఎమిటర్.

ఆప్ ఆంప్ గురించి ఒక మాట. ఏ ఆంప్లిఫయర్ రిపేర్ షాపులోనైనా 4558 దొరుకుతది, కాళ్లు టీఎల్ 072వే. మిక్సర్‌కు, ఔట్‌పుట్‌కు అది నిక్షేపంగ నడుస్తది. ఫిల్టర్లకు టీఎల్ రకమే. 324 ఆడియోలో పెట్టొద్దు, సద్దు సన్నగ ఉన్నప్పుడు గరగర వస్తది.

మిగిలిన సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతది, ఎంజీబీఎస్‌లో దిగితే దగ్గరే. ఒక్క జాక్‌ల విషయంలో జాగ్రత్త. 3.5 మిల్లీమీటర్ల మోనో, ప్యానెల్‌కు నట్‌తో బిగేది, ప్లగ్ తీస్తే స్విచ్ కలిసేది అడుగు. ఫోన్ ఇయర్‌ఫోన్‌ల స్టీరియో జాక్‌లో మోనో ప్లగ్ పెడితే రింగ్ గ్రౌండ్‌కు తగులుతది. ప్యానెల్‌కు 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. షాపుల బోర్డులు చేసేవాళ్ల దగ్గర మిగిలే 3 మిల్లీమీటర్ల ఏసీపీ (అల్యూమినియం, ప్లాస్టిక్ పొరల షీట్) ముక్కలు ఊరికే వస్తయి గానీ జాక్ మరలు సరిగ్గా బయటికి రావు, నట్ పట్టదు. ప్యానెల్ ఎత్తు 128.5, పైన, కింద బిగించే రంధ్రాల మధ్య 122.5 మిల్లీమీటర్లు.


టంకం_నల్లగొండ:

పవర్, రెండు వీసీఓలు, డివైడర్ అయినయి. పంచమం నిలిచింది. మంద్ర షడ్జం మాత్రం వస్తలేదు. 4013 ఒకటో పిన్ను 12 వోల్టుల దగ్గర అట్లనే ఉంటున్నది, ఐసీ చెయ్యి పెడితే వేడి. వీసీఓ పల్స్ మాత్రం ఆంప్లిఫయర్‌కు ఇస్తే మంచిగ వినపడుతున్నది.


పాలమూరు_ప్యాచ్:

పల్స్ నెగెటివ్‌లోకి పోతున్నది, అదే కారణం. 3340 నాలుగో పిన్నుకు కింది రెసిస్టర్‌ను −12కు కట్టినవా? అట్లయితే పల్స్ పడ్డప్పుడల్లా సున్నా కిందికి దిగుతది. 4013 తన సప్లయ్‌లు సున్నా, 12 దాటి ఏదీ ఓర్వదు, లోపలి రక్షణ డయోడ్ల నుంచి కరెంటు పారి ఐసీ లాచ్ అయితది, అంటే లోపల షార్ట్ లాగ ఇరుక్కుపోతది. వేడి దాని గుర్తే. వెంటనే పవర్ తియ్యి.

వీసీఓ పల్స్‌కు, 3వ పిన్నుకు నడుమ 100కె పెట్టు. 3వ పిన్ను నుంచి గ్రౌండ్‌కు 1ఎన్ 4148, క్యాథోడ్ పిన్ను వైపు. నెగెటివ్ 0.6 దగ్గర ఆగిపోతది, 100కె ఉన్నందుకు కరెంటు మైక్రో ఆంపియర్లలోనే ఉంటది. పల్స్ పై అంచు కనీసం 9 వోల్టులు ఉండాలె, 12 మీద నడిచే 4013కు అంతకన్న తక్కువైతే ఒకటని గుర్తుపట్టదు. మీది 5 వోల్టులకు కుదించిన ఔట్‌పుట్ జాక్ అయితే అక్కడి నుంచి తీసుకోకు, కుదించక ముందున్న చోటు నుంచి తియ్యి. పాత 4013ను మళ్లీ పెట్టొద్దు, పనిచేసినట్టే చేసి వారంలో ఆగుతది. సాకెట్ పెట్టే ఉంటవు, కొత్తది ఎక్కించు.